తూటా లేని తుపాకీ, టైపు కొడితే చచ్చే శవం

ఎగ్జిబిషన్లో బెలూన్లు పేల్చే తుపాకీలోంచి చిన్న గుండైనా బయటికొస్తుంది. వీడియో గేముల్లో నడిచే శవాలను కాల్చే లైట్ గన్‌లోంచి అదీ రాదు. పైగా దాని గొట్టంలోకే వెలుగు వెళ్తుంది. పేరుకే తుపాకీ, నిజానికి అదో కన్ను.

ఇళ్లలో పిక్చర్ ట్యూబ్ టీవీలున్న రోజుల్లో ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు తెల్లగా మెరిసేది. ఆ టీవీలో బొమ్మ ఒక్కసారిగా పడదు. ఎలక్ట్రాన్ల పుంజం పైనుంచి కిందికి గీత వెంట గీత, సెకనుకు 50, 60 సార్లు గీసుకుంటూ పోతుంది. గొట్టంలోని సెన్సర్‌కు ఆ వెలుగు ఏ క్షణాన తగిలిందో లెక్కగడితే గురి ఎక్కడుందో తెలిసిపోతుంది. కొత్త టీవీల్లో ఆ గీతల పరుగు లేదు. అందుకే పాత లైట్ గన్ మోజున్నవాళ్లు ఇప్పటికీ డబ్బా టీవీల కోసం వెతుకుతుంటారు. తమాషా ఏమిటంటే, 1936లో అమెరికాలో సీబర్గ్ కంపెనీ తెచ్చిన బాతుల వేట ఆట రే-ఓ-లైట్‌లో వ్యవహారం సరిగ్గా తలకిందులు. వెలుగును తుపాకీ పంపేది, కన్ను బాతు బొమ్మలో ఉండేది!

లైట్ గన్ పట్టి ఆడే భయానక ఆటల్లో పెద్ద పేరు జపాన్‌కు చెందిన సెగా కంపెనీ 1997లో తెచ్చిన 'ద హౌస్ ఆఫ్ ద డెడ్'ది. డాక్టర్ క్యూరియన్ అనే పిచ్చి శాస్త్రవేత్త బంగళాలోకి రోగన్, 'జి' అనే ఇద్దరు ఏజెంట్లు దూరతారు. కథ జరిగేది 1998 డిసెంబరు 18న, అంటే ఆట వచ్చేనాటికి ఇంకా రాని రోజు. ఆరు గుళ్లు అయిపోగానే తుపాకీని తెర బయటికి తిప్పి పేల్చాలి, అదే రీలోడ్. కంగారులో అడ్డొచ్చిన అమాయకుణ్ణి కాల్చారో, మీ ప్రాణాల్లో ఒకటి పోయినట్టే. పెద్ద రాక్షసులందరికీ టారో జోస్యం కార్డుల పేర్లు పెట్టారు: రథం, ఉరితీయబడ్డవాడు, సన్యాసి, మాంత్రికుడు. మూడో భాగంలో షాట్‌గన్‌ను పంపులా వెనక్కి లాగాలి. నాలుగో భాగంలో తుపాకీని పట్టుకుని ఊపాలి. ఆడి వచ్చాక చేతులు నొప్పెట్టడంలో వింతేమీ లేదు.

భయంకన్నా జుగుప్సకే పేరుపడ్డ ఆట ఇంకోటుంది. 1986లో ఎక్సిడీ అనే అమెరికన్ కంపెనీ చేసిన 'చిల్లర్'. అందులో ఎదురు తిరిగే శత్రువులు కాదు, గొలుసులతో కట్టేసిన మనుషులే గురి. ఇంతకన్నా చెప్పబుద్ధి కావడం లేదు.

బూతుల రికార్డూ ఒకప్పుడు హౌస్ ఆఫ్ ద డెడ్ వంశానిదే. 2009లో వచ్చిన 'ఓవర్‌కిల్'లో ఒకే ఇంగ్లిష్ బూతుమాట 189 సార్లు వినిపిస్తుందని గిన్నిస్‌వాళ్లు లెక్క తేల్చారు. మన సెన్సారువాళ్లయితే బీప్ వేసీ వేసీ అలిసిపోయేవాళ్లు. మరుసటి ఏడాదే 'మాఫియా 2' అనే మరో ఆట ఆ కిరీటం ఎగరేసుకుపోయింది.

అన్నిటికన్నా నాకు నచ్చిన వింత మాత్రం 1999 నాటి 'ద టైపింగ్ ఆఫ్ ద డెడ్'. హౌస్ ఆఫ్ ద డెడ్ రెండో భాగాన్నే తీసుకుని, తుపాకులు పీకేసి కీబోర్డులు బిగించారు. గొడ్డలెత్తి మీదికొస్తున్న శవం ముందు ఓ మాట కనిపిస్తుంది. అక్షరం అక్షరం తప్పులేకుండా కొడుతుంటే గుళ్లు తగులుతాయి, తడబడితే గొడ్డలి మనమీద పడుతుంది. టైపు లోయరూ హయ్యరూ పాసైనవాళ్లకు ఇంతకన్నా మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది? తెరమీది ఏజెంట్లూ తుపాకీ పట్టరు. సెగావారి డ్రీమ్‌కాస్ట్ గేమ్ యంత్రాన్ని వీపుకు కట్టుకుని, మెళ్లో కీబోర్డు వేలాడేసుకుని, మొహంలో ఒక్క నవ్వైనా లేకుండా శవాల మధ్య నడుస్తుంటారు. 2008లో జపాన్‌లో నింటెండో డీఎస్ మీద 'ఇంగ్లిష్ ఆఫ్ ద డెడ్' కూడా వచ్చింది. అందులో శవాన్ని ఆపాలంటే ఇంగ్లిష్ స్పెల్లింగు సరిగ్గా రావాలి!