ఊరగాయకు తగిన మామిడి

మామిడికి ప్రసిద్ధి గన్న మా నూజివీడు సీమలో పెరడు గల గృహస్థులు తఱచుగ నన్నడుగు ప్రశ్న యొకటి కలదు: "ఇంటి యావకాయకై ఒక్క చెట్టు నాటదలచితిమి, ఏ రకము మేలు?" ప్రశ్న చిన్నదే. కాని మామిడి మనుమల కాలము వఱకు నిలుచు చెట్టు. తగని రకము నాటినచో ఇంటివారు ఏటేట పొరుగువారి కాయకై ఎదురుచూడవలసినదే.

ముందుగా ఆవకాయకు వలయు గుణములను విచారింతము. మొదటిది పులుపు. పచ్చికాయలోని ఆమ్లమును, మనము కలుపు ఉప్పును కూడి, ఊరగాయను చెడగొట్టు సూక్ష్మజీవుల నణచును; పైన తేలు నూనె గాలి తగులనీయక బూజును నివారించును. పులుపు చాలని కాయకు ఈ రక్షణ తఱుగును. రెండవది పీచు. ముక్క యేడాది పొడుగున ఊరియు మెత్తబడకుండుటకు పీచే ఆధారము. మూడవది టెంక. టెంక ముదిరిన కాయనే ఆవకాయకు కొట్టుదురు. జీడిని, పొరను తీసివైచి, టెంకపెచ్చు ముక్క నంటియుండునట్లు చూతురు. పెచ్చు లేని ముక్క త్వరలో చెదరును.

ఈ గుణములతో మన రకములను పరీక్షింపుడు. బంగినపల్లి 2017లో భౌగోళిక గుర్తింపును పొందిన మేటి పండు. పీచు లేకుండుటయే దాని కీర్తికి కారణము. ఊరగాయకు అదియే లోపము. కలెక్టరుకాయ, అనగా తోతాపురి, తప్పక కాయు రకము. ఉప్పుకారములతో పచ్చిగా తినుటకును, గుజ్జు తీయుటకును తగినది. పులుపు తక్కువ గావున ఏడాది నిలువకు నేను దానిని సూచింపను. తెల్లగులాబి, జలాలు అనునవి ఊరగాయకే పేరుగన్నవి. చిన్నరసము పచ్చిగా నున్నపుడు పుల్లనిది, పీచుగలది. పండినచో జుఱ్ఱుకొని తినదగినది. కావున ఒక్క చెట్టునకే చోటున్నవారు చిన్నరసమును, రెండింటికి చోటున్నవారు తెల్లగులాబిని, బంగినపల్లిని నాటుట మేలని నా యభిప్రాయము. చెట్ల నడుమ 10 మీటర్ల యెడ ముండవలెను.

టెంక పాతి రకమును నిలుపుకొందమనుకొనుట వ్యర్థము. మన రకములలో పెక్కింటి టెంకనుండి వచ్చు మొలక, తల్లిచెట్టు గుణములను, పుప్పొడి నిచ్చిన చెట్టు గుణములను కలుపుకొనిన క్రొత్త మొక్క. రకము మాఱకుండుటకు అంటుమొక్కయే శరణ్యము. అది కాపునకును త్వరగా వచ్చును.

ఇందుచేతనే మఱియొక మాట చెప్పవలసియున్నది. పాతతోటలలో టెంకనుండి మొలచిన నాటుచెట్లు కొన్ని, పేరు లేకున్నను, ఆవకాయకు సాటిలేనివి. బజారు కోరునవి బంగినపల్లి, కలెక్టరులే యగుటచే అట్టివాటిని మరల నాటువారు అరుదు. అంటు కట్టక మునుపే చెట్టు కూలినచో ఆ రుచియు దానితోనే పోవును. మీ యూర, వచ్చిన యుగాది నాటికిని ముక్క గట్టిగా నుండు జాడీ ఏ యింట నున్నదో విచారింపుడు. ఆ కాయ ఏ చెట్టుదో తెలిసికొని, యజమాని యనుమతితో, ఈ వానకాలముననే దాని కొమ్మనుండి రెండంట్లు కట్టింపుడు. ఒకటి మీ పెరటికి, ఒకటి ఆ యజమానికి.