సాంబా మసూరి: పైరు మారవచ్చు, గింజ మారరాదు

ధాన్యం కొనడానికి కల్లానికి వెళ్లిన వర్తకుడు బస్తా విప్పగానే ముందు చేసే పని ఒకటే. గుప్పెడు ధాన్యం అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊదేసి, గింజ సన్నదనం, నిగనిగ, పొట్ట తెలుపు చూస్తాడు. రేటు మాట ఆ తరువాతే. శాస్త్రజ్ఞులు పదేళ్లు శ్రమించి తెచ్చిన కొత్త వంగడం భవితవ్యం ఆ అర నిమిషంలో తేలిపోతుంది. ఎన్నో రకాలు ఈ పరీక్షలో తప్పిపోయాయి. 1986లో బాపట్ల నుంచి విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబా మసూరి, దాదాపు నలభై ఏళ్లుగా నెగ్గుతూనే ఉంది.

మూడు వంశాల పంట

ఈ రకం పుట్టుకలో మూడు వంశాలు కలిశాయి. మొదటిది జి.ఇ.బి. 24. కిచ్చిలి సాంబగా ప్రసిద్ధి చెందిన ఈ సన్నరకాన్ని కోయంబత్తూరు వరి పరిశోధన కేంద్రం 1921లో విడుదల చేసింది. రెండవది తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్-1. మూడవది మసూరి. ఆసియా దేశాల కోసం 1950లలో కటక్ కేంద్రంగా జరిగిన సంకరణ పథకంలో రూపుదిద్దుకుని, మలేసియాలో 1965లో విడుదలై, తరువాత మన దేశానికి వచ్చిన రకమిది. మసూరి అన్నం రుచికి పేరు పొందింది. కాని పైరు ఎత్తుగా పెరిగి, ఎరువు ఎక్కువైతే పడిపోయేది. బాపట్ల శాస్త్రజ్ఞులు పొట్టి కాండం, సన్న గింజ, మంచి అన్నం మూడింటినీ ఒకేచోట చేర్చగలిగారు.

సాంబా మసూరి వెయ్యి గింజల బరువు సుమారు 14-15 గ్రాములే. అన్నం మెత్తగా ఉంటూనే మెతుకు విడివిడిగా ఉంటుంది. నిలవ చేసిన కొద్దీ ఆ గుణం పెరుగుతుంది గనుక పాత బియ్యానికి అదనపు ధర పలుకుతుంది. తమిళనాడు బజారులో ఆంధ్రా పొన్ని అన్నా, ఇక్కడ కర్నూలు సోనా అన్నా, సరకు చాలావరకు ఇదే. సోనా మసూరి పేరుతో అమ్మే బియ్యంలోనూ ఇది విరివిగా ఉంటుంది. నిజానికి సోనా మసూరి అనేది బి.పి.టి. 3291 అనే వేరొక రకం.

రైతుకు భారం

బజారు మెచ్చిన ఈ పంట రైతుకు మాత్రం సుఖం ఇవ్వలేదు. చేతికి రావడానికి 145 నుంచి 150 రోజులు పడుతుంది. బాక్టీరియా ఎండాకు తెగులు, అగ్గి తెగులు, సుడిదోమ మూడింటికీ ఇది లొంగిపోతుంది. గింజ పాలు పోసుకునే దశలో ఎండాకు తెగులు ముదిరితే తాలు పెరుగుతుంది, నిండని గింజలు మిగులుతాయి, మిల్లులో నూక ఎక్కువవుతుంది. కనుక ఈ తెగులు రైతు పొలంలోనే ఆగదు. మిల్లరు లెక్కల్లోకీ వస్తుంది.

తెగులు తట్టుకునే మరో రకం వేసుకోవచ్చు గదా అనడం సులభం. ఆ రకం గింజ వేరుగా ఉంటే బజారులో అదే ధర రాదు. శాస్త్రజ్ఞులకు ఎదురైన అసలు చిక్కు ఇదే. పైరును మార్చాలి, గింజను మార్చరాదు.

2008లో వచ్చిన మెరుగు

హైదరాబాదులోని సి.సి.ఎం.బి., రాజేంద్రనగర్‌లోని నాటి వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి ఈ పని చేపట్టాయి. ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు ఉన్న వంగడంతో సాంబా మసూరిని సంకరం చేశారు. వాటిలో ఒక జన్యువు ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. సంకరం వల్ల పుట్టిన మొక్కలను మళ్లీ మళ్లీ సాంబా మసూరితోనే కలిపారు. ప్రతి తరంలోనూ ఆకు తీసి జన్యు పరీక్ష చేసి, ఆ జన్యువులు నిలిచిన మొక్కలనే ఉంచుకున్నారు. ఈ పద్ధతిలో పాత గింజ తిరిగి వచ్చింది, తెగులు నిరోధం మిగిలింది. మెరుగుపరిచిన సాంబా మసూరి పేరుతో ఇది 2008లో విడుదలైంది. దీని రక్షణ ఎండాకు తెగులు వరకే. అగ్గి తెగులు, సుడిదోమల బెడద తీరలేదు.

మారుటేరులో 1982లో విడుదలైన ఎం.టి.యు. 7029, అనగా స్వర్ణ విషయంలోనూ ఇదే దారి తొక్కారు. ఒడిశాకు చెందిన ఒక పాత రకం నుంచి ముంపు తట్టుకునే జన్యువును స్వర్ణలోకి తెచ్చారు. 2009లో విడుదలైన స్వర్ణ-సబ్1 రెండు వారాల పాటు నీట మునిగినా కోలుకోగలదు. గింజ మాత్రం స్వర్ణ గింజే.

2025 మే నెలలో మరో అడుగు పడింది. సాంబా మసూరిలో ఉన్న జన్యువునే సవరించి రూపొందించిన డి.ఆర్.ఆర్. ధాన్ 100, అనగా కమలను కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో ప్రకటించారు. మూల రకం కంటే 19 శాతం అధిక దిగుబడి వస్తుందని, సుమారు 20 రోజుల ముందే కోతకు వస్తుందని ప్రకటన సారాంశం. అయినా కల్లంలో నలిపి చూసే పరీక్ష దీనికీ తప్పదు.

పోలికలు, కలగలుపు

ఈలోగా సన్నగింజ రకాలు అనేకం వచ్చాయి. రాజేంద్రనగర్ నుంచి 2015లో వచ్చిన ఆర్.ఎన్.ఆర్. 15048, అనగా తెలంగాణ సోనా, సుమారు 125 రోజులకే కోతకు వస్తుంది, అగ్గి తెగులును తట్టుకుంటుంది. దానికి దాని గిరాకీ ఉన్నది. దానినే సాంబా మసూరి బస్తాలో పోసి అమ్మితే రెండు పేర్లకూ నష్టమే. ఉడికే తీరు వేరైన గింజలు ఒకే గిన్నెలో పడితే కొన్ని చిమిడిపోతాయి, కొన్ని పలుకుగా మిగులుతాయి. ఇల్లాలు ఆ తప్పును రకం మీద వేయదు, కొట్టు మీద వేస్తుంది.

సర్కారు ధర ఈ తేడాను పట్టించుకునేది స్వల్పం. 2025-26 ఖరీఫ్ సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు సాధారణ రకానికి 2,369 రూపాయలు, గ్రేడ్-ఎ రకానికి 2,389 రూపాయలు. తేడా 20 రూపాయలే. తెలంగాణ ప్రభుత్వం 2024 ఖరీఫ్ నుంచి సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనసు ప్రకటించింది. అది కూడా సన్నాలన్నిటికీ ఒకటే. సన్నాలలో మేలురకాన్ని వేరుచేసి వెల కట్టేది వర్తకుడే.

కనుక బాధ్యత కూడా అక్కడే ఉన్నది. సాంబా మసూరి తెచ్చిన రైతుకూ, దాని పోలిక రకం తెచ్చిన రైతుకూ ఒకే రేటు కడితే, ఐదు నెలలు నీరు పెట్టి, మందులు కొట్టి ఈ పంట పండించే రైతు మరుసటి ఏడు దానిని మానుకుంటాడు. అప్పుడు పేరు మిగులుతుంది, సరకు మిగలదు. కొనేటప్పుడు విత్తనం రకం, వచ్చిన చోటు రాసుకోవడం, రాసులు కలపకుండా ఉంచడం, మిల్లుకు వేసేముందు గుప్పెడు బియ్యం ఉడికించి చూడడం పెద్ద ఖర్చులు కావు. శాస్త్రజ్ఞులు గింజ మారకుండా పైరును బాగుచేశారు. ఆ గింజను బస్తాలో మారకుండా చూడవలసింది వర్తకులే.