పాత బండి క్రయవిక్రయాలు: తోటి సంఘాలకు మా అనుభవము

పాలు ఎవరి కోసమూ ఆగవు. తెల్లవారుజామున పితికిన పాలు వేళకు శీతల కేంద్రానికి చేరకపోతే విరిగిపోతాయి. విరిగిన పాలకు ఎవరూ ధర కట్టరు. అందుచేత పాల సంఘానికి వెన్న పరీక్ష యంత్రము ఎంత ముఖ్యమో, క్యాన్లు మోసే బండి కూడా అంత ముఖ్యము. కొత్త బండి కొనే స్తోమతు అన్ని సంఘాలకూ ఉండదు. సభ్యులలో కూడా పాల బిల్లులో కొంత కొంత మిగుల్చుకుని పాత మోపెడ్డో, పాత ట్రాలీ ఆటోనో కొనుక్కునేవారే ఎక్కువ.

ఈ పాత బండ్ల బేరాలు ఇప్పుడు చాలావరకు సెల్‌ఫోనులోని ప్రకటనల ద్వారానే సాగుతున్నాయి. రాజోలు ప్రాంతములోని మా సంఘము ఈ పద్ధతిలోనే ఒక పాత ట్రాలీ ఆటోను అమ్మి, మరొక దానిని కొన్నది. అందులో మేము పడిన తిప్పలను, చేసిన ఒక పెద్ద పొరపాటును ఇక్కడ వ్రాస్తున్నాము. మన తప్పును మనమే అచ్చు వేయించుకోవడము సంతోషకరమైన పని కాదు. అయినా మరొక సంఘము అదే తప్పు చేయకుండా ఉంటే చాలునని మా పాలకవర్గము తీర్మానించింది.

మధ్యవర్తి పోయాడు, పూచీ పోయింది

ఒకప్పుడు రాజోలులో గాని, మలికిపురములో గాని బండి అమ్మదలిస్తే మెకానిక్కు షెడ్డులో ఒక మాట చెప్పేవాళ్ళము. ఆయన ఇంకొకరికి చెప్పేవాడు. మధ్యలో ఒక దళారి దిగి ఇరువైపులా కమీషను తీసుకునేవాడు. ధర విషయములో అతడు ఆడే అబద్ధాలు అందరికీ తెలిసినవే. కాని మర్నాడు ఉదయము అదే టీ కొట్టు దగ్గర దొరికేవాడు. ఏ బండి ఎవరి దగ్గర నలిగింది, ఏది వరదలో మునిగింది, దేని ఇంజను విప్పారు అన్నది అతడికి తెలుసు. నిలదీస్తే జవాబు చెప్పక తప్పేది కాదు.

ఇటువంటి ప్రకటనల సంస్థలలో మన దేశములో బాగా పేరు వినిపించే ఓఎల్ఎక్స్ 2006లో మొదలైంది. 2016 తరువాత ఫోనులో ఇంటర్నెట్టు చౌక కావడముతో ఈ పద్ధతి పల్లెలకు కూడా వచ్చింది. దీనివల్ల మేలు లేకపోలేదు. ప్రకటన చాలాచోట్ల ఉచితము. రాజోలులోని బండిని భీమవరము వారు, కాకినాడ వారు ఇంటి దగ్గర కూర్చునే చూడగలరు. కాని ప్రకటన వేసిన చోట బండికి ఎవరూ పూచీ పడరు. అమ్మేవాడి ముఖము కొనేవాడికి తెలియదు, కొనేవాడి ఊరు అమ్మేవాడికి తెలియదు. ఇక్కడి చిక్కులన్నీ ఇందులోనుంచే పుట్టుకొస్తాయి.

ప్రకటన పెట్టిన వారము రోజులు

మా ట్రాలీ ఆటోను కడిగి, నాలుగు ఫోటోలు తీసి, ధర వ్రాసి ప్రకటన పెట్టాము. గంట తిరగకముందే ఫోను మోగడము మొదలైంది. సరిగ్గా సాయంత్రము పాలు పోసే వేళ అది. ఒక చేత్తో కొలత, ఒక చేత్తో ఫోను. అడిగేది ఒకటే మాట: "లాస్టు ఎంతకిస్తారు?" బండి చూడకుండానే సగానికి బేరమాడేవారు కొందరు. మోపెడ్డు తీసుకుని ఆటో ఇవ్వండి అన్నవారు ఇద్దరు. ఒకాయన చించినాడ వంతెన దాటుతున్నామని మూడుసార్లు ఫోను చేశాడు. చీకటి పడేదాకా ఎదురు చూశాము, రాలేదు. తరువాత ఫోను ఎత్తలేదు.

ఐదవ రోజున ఒకడు బేరము ఆడకుండానే మేము చెప్పిన ధరకు ఒప్పుకున్నాడు. బయానా పంపుతున్నానని చెప్పి ఫోనుకు ఒక క్యూఆర్ గుర్తు పంపాడు. దానిని స్కాన్ చేసి పిన్ నొక్కితే సొమ్ము మన ఖాతాలో పడుతుందన్నాడు. పరీక్షలు చేసే మా కుర్రవాడు పిన్ నొక్కబోతుండగా కార్యదర్శి ఆపారు. సభ్యులందరూ గుర్తు పెట్టుకోవలసిన మాట ఇది: యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ కావాలి, పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు. పుచ్చుకోవడానికి పిన్ నొక్కమన్నవాడు మన ఖాతాను ఊడ్చడానికి వచ్చినవాడే.

క్యాను ఫోటో చూసి వెన్న శాతము వేస్తామా?

ఇక కొనే వైపు సంగతి. సంతలో గేదెను కొనేటప్పుడు మనము ఎంత జాగ్రత్తగా ఉంటాము! పళ్ళు చూస్తాము. పొదుగు తడిమి చూస్తాము. దూడ దానిదేనా అని చూస్తాము. ఒక పూట పాలు తీయకుండా ఆపి, పొదుగు నిండుగా కనిపించేటట్టు సంతకు తోలుకొస్తారని తెలుసు గనుక, రెండు మూడు పూటలు దగ్గర ఉండి పిండించుకున్న తరువాతే డబ్బు ఇస్తాము. క్యాను ఫోటో చూసి ఏ సంఘమూ వెన్న శాతము వేయదు. అటువంటి మనమే బండి దగ్గరకు వచ్చేసరికి ఫోటో చూసి బయానా పంపుతున్నాము.

మాకు తెలిసిన ఒక సభ్యుడికి జరిగినది ఇదే. తక్కువ ధరకు మంచి మోపెడ్డు ప్రకటనలో కనిపించింది. అమ్మేవాడు సైనికుడినని, బదిలీ అయినదని చెప్పి, గుర్తింపు కార్డు ఫోటో కూడా పంపాడు. బండిని సైనిక పార్సిలులో పంపుతానన్నాడు. ముందు రవాణా ఖర్చులన్నాడు, తరువాత గేటు పాసన్నాడు, ఆ తరువాత తిరిగి ఇచ్చే డిపాజిట్టన్నాడు. నెలల తరబడి కూడబెట్టిన పాల డబ్బులు రెండు రోజులలో పోయాయి. సైనికుడి మాటంటే మనకు గౌరవము. ఆ గౌరవాన్నే వీళ్ళు పెట్టుబడిగా వాడుకుంటున్నారు. ఈ తరహా మోసాల గురించి పోలీసులు చాలాకాలముగా హెచ్చరిస్తూనే ఉన్నారు.

మన కోనసీమలో మరొక మాట కూడా వింటాము: "గల్ఫ్ వెళ్తున్నాము, అర్జంటుగా అమ్మకము." మన ఊళ్ళ నుంచి గల్ఫ్ వెళ్ళేవారు నిజంగానే చాలామంది గనుక వెంటనే నమ్ముతాము. నిజమైన వారైతే బండిని చూడనిస్తారు. చూడనివ్వని తొందర ఎవరిదైనా అనుమానించవలసిందే.

బండిని చూసే పద్ధతి

1. పగటి వేళ, ఇంజను చల్లగా ఉండగా వెళ్ళండి. ముందే వేడిచేసి ఉంచిన ఇంజను తేలికగా స్టార్టు అవుతుంది, లోపము బయటపడదు. నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకువెళ్ళండి.

2. ఇంజను ఆయిలు చూడండి. అది పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీరు చేరినదని అర్థము. పాలు క్యానులోనే ఉండాలి గాని ఇంజనులో కనిపించకూడదు.

3. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు మన లంకలు ఎలా మునిగాయో అందరూ చూశారు. ఆ నీటిలో బండ్లు కూడా నానాయి. సీటు కింద, హెడ్‌లైటు లోపల, వైర్ల సందులలో ఒండ్రు చారలు ఉన్నాయేమో చూడండి.

4. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు సముద్రపు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. కొత్త రంగు వేసిన బండి అయితే కిందకు వంగి ఛాసిస్‌ను చూడండి. రంగు పైన కనిపిస్తుంది, తుప్పు కింద దాగి ఉంటుంది.

5. మీటరు రీడింగును నమ్మవద్దు. దానిని వెనక్కి తిప్పేవారున్నారు. పెడలు రబ్బరు, హ్యాండిలు పిడి, సీటు అరుగుదల నిజము చెబుతాయి. టైరు మీద చివర నాలుగు అంకెలు కూడా చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము.

6. ఖాళీ బండిని నడిపి చూస్తే సరిపోదు. రెండు క్యాన్లలో నీళ్ళు నింపి ఎక్కించి, వంతెన ఎక్కించి దింపండి. పుల్లింగు, బ్రేకు రెండూ తెలిసిపోతాయి.

కాగితాలు చూసే పద్ధతి

సీ బుక్కులోని ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్న వాటితో అక్షరము అక్షరము సరిపోవాలి. బండి నంబరును పరివాహన్ యాప్‌లో కొట్టి చూస్తే ఇన్సూరెన్సు, ఎఫ్.సి. గడువులు, ఫైనాన్సు ఉన్నదీ లేనిదీ తెలుస్తాయి. చలానాల బకాయి కూడా ఆన్‌లైనులో చూడవచ్చును. ఫైనాన్సు బండి అయితే వాయిదాలన్నీ తీరినట్లు ఫైనాన్సు వారి ఎన్.ఓ.సి., సంతకము చేసిన ఫారము 35 లేకుండా డబ్బు ఇవ్వరాదు. వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి రవాణా శాఖ ఎన్.ఓ.సి. కూడా కావాలి.

నంబరును బట్టి జిల్లా ఊహించే పాత అలవాటు కూడా ఇక పనికిరాదు. మన తూర్పు గోదావరికి ఏ.పి. 05 ఉండేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏ.పి. 39తో ఒకే వరుస మొదలైంది. బండి ఎక్కడిదో నంబరు చెప్పదు, సీ బుక్కే చెప్పాలి.

సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు, ఆ తరువాత ఐదేళ్ళకొకసారి పునరుద్ధరణ. సరకు రవాణా బండికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకొకసారి, ఆ పైన ఏటేటా ఎఫ్.సి. చేయించాలి. బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు నిలబడవలసిన బండిని చౌకగా దొరికినదని కొంటే, ఆ చౌక మరమ్మతులలోనే తీరిపోతుంది.

మా పొరపాటు

చివరికి మా పాత ఆటోను వేరే మండలము వ్యక్తి ఒకాయన కొన్నాడు. రొక్కము ఇచ్చాడు. స్టాంపు కాగితము మీద వ్రాసుకున్నాము. ఫారము 29, ఫారము 30 మీద తేదీ వేయకుండా సంతకాలు పెట్టి, సీ బుక్కుతో సహా ఇచ్చేశాము. "పేరు మార్పిడి నేను చూసుకుంటాను" అన్నాడు. అంతటితో బేరము ముగిసినదనుకున్నాము. డబ్బు సంఘము ఖాతాలో జమ చేసి నిశ్చింతగా కూర్చున్నాము.

మొదట సంఘము పేరున చలానాలు వచ్చాయి. ఆయనకు ఫోను చేస్తే బండిని అప్పుడే మరొకరికి అమ్మేశానన్నాడు. కొన్ని నెలలకు కోర్టు నోటీసు వచ్చింది. ఆ బండి ఒక సైకిలు మనిషిని గుద్దింది. అప్పటికి ఇన్సూరెన్సు గడువు దాటిపోయింది. సీ బుక్కులో మాత్రము యజమాని మా పాల సంఘమే.

న్యాయవాది చెప్పిన తరువాత గాని మాకు చట్టము తెలియలేదు. 1988 మోటారు వాహనాల చట్టము 50వ సెక్షను ప్రకారము, అమ్మినవాడు 14 రోజులలో రవాణా అధికారికి తెలియజేయాలి. అమ్మకము వేరే రాష్ట్రానికైతే 45 రోజుల గడువు. కొన్నవాడు 30 రోజులలో తన పేరుకు మార్పించుకోవాలి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇటువంటి కేసులోనే తీర్పు ఇచ్చింది. 2007లో అమ్మిన కారు చేతులు మారుతూ పోయి 2009లో ప్రమాదము చేసింది. అయినా రికార్డులో ఎవరి పేరు ఉన్నదో ఆయనే యజమాని, పరిహారపు బాధ్యత ఆయనదే అని కోర్టు చెప్పింది. గాయపడినవారు బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగనక్కరలేదన్నది అందులోని న్యాయము. అది సరైన న్యాయమే. దెబ్బ తిన్న ఆ సైకిలు మనిషి చేసిన తప్పేమీ లేదు. తప్పు చేసినది మేము.

మా కేసు నడుస్తున్నది. అందుకోసము కొంత సొమ్ము పక్కన పెట్టవలసి వచ్చింది. రోజూ రెండు లీటర్లు పోసే సభ్యురాలికి ఈ సంగతి సర్వసభ్య సమావేశములో తల వంచుకునే చెప్పాము. "గేదెను అమ్మితే పలుపు తాడు మన చేతిలో పెట్టుకుంటామా?" అని ఆమె అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

మేము చేసుకున్న తీర్మానాలు

1. బండిని చూడకుండా, అమ్మేవారిని కలవకుండా ఒక్క రూపాయి బయానా పంపరాదు.

2. అమ్మేటప్పుడు ఖాళీ ఫారాల మీద సంతకము చేయరాదు. తేదీ, వేళ, కొనేవారి పూర్తి చిరునామా, గుర్తింపు కార్డు నకలు తీసుకోవాలి.

3. కొనేవారితో కలిసి పేరు మార్పిడి దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, రసీదు చేతికి వచ్చిన తరువాతే తాళము ఇవ్వాలి. మార్పు పూర్తయిందో లేదో నెల తరువాత కార్యదర్శి చూసి పాలకవర్గానికి చెప్పాలి.

4. పాత బండ్ల డీలరుకు అమ్మితే అతడికి రవాణా శాఖ గుర్తింపు ఉన్నదో లేదో చూడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ గుర్తింపు నిబంధన వచ్చింది. గుర్తింపు ఉన్న డీలరుకు అప్పగించినట్లు ఆన్‌లైనులో తెలియజేస్తే అక్కడి నుంచి బాధ్యత డీలరుది.

5. కొన్న బండి ఇన్సూరెన్సును 14 రోజులలో సంఘము పేరుకు మార్పించుకోవాలి. లేకుంటే మన బండికి జరిగిన నష్టానికి పరిహారము రాకపోవచ్చును.

6. డబ్బు మోసపోతే సిగ్గుపడి దాచుకోరాదు. వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చెబితే సొమ్మును దారిలో ఆపే అవకాశము అంత ఎక్కువ.

మేము తరువాత కొన్న ట్రాలీ ఆటోను నీళ్ళ క్యాన్లతో వంతెన ఎక్కించి చూశాము. అమ్మినాయనను వెంటబెట్టుకుని పేరు మార్పిడి దరఖాస్తు పెట్టిన రోజునే మిగిలిన డబ్బు ఇచ్చాము. ఆయనకు కాస్త కోపము వచ్చింది. పని అయిన తరువాత ఆయనే, "ఇది నాకూ మంచిదే" అన్నాడు. ఇప్పుడు ఆ బండి రెండు పూటలా పాలు మోస్తున్నది.

తోటి సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, సభ్యులకు మా మనవి ఒక్కటే. మీరు ఎప్పుడో అమ్మేసిన బండి ఏదైనా ఇంకా మీ పేరుననే ఉన్నదేమో ఈ రోజే చూసుకోండి. బండి చేయి మారితే చాలదు, పేరు మారితేనే అమ్మినట్టు.