పచ్చదనానికి పాట కాపలా

కరువు సీమ అని పేరుపడ్డ నేల మీద నిలబడి చెట్టు గురించి, చెరువు గురించి రాసే కవి మాటకు బరువెక్కువ. తరతరాలుగా వలసబాట పట్టిన పాలమూరులో నిండు చెరువును పొగడటమంటే బతుకును పొగడటమే. ఆ పాలమూరులోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరులో మూడు వేర్వేరు జిల్లాలయ్యాయి. కవిత్వం లెక్కన మాత్రం ఇప్పటికీ ఒకటే ఇల్లు.

గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరు. సంస్థానం రోజుల్లో ఇక్కడ కార్తీక, మాఘ మాసాల్లో పండిత సభలు జరిగేవి. తిరుపతి వేంకట కవులూ వచ్చిపోయారు. ఆస్థాన కవిత్వంలో సహజంగానే రాజు ముందు, ఊరు వెనక. ఈ ప్రాంతం వాడైన సురవరం ప్రతాపరెడ్డి ఆ వరుస మార్చారు. తెలంగాణలో కవులే లేరన్న నిందకు జవాబుగా 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి, 354 మందిని పేరుపేరునా లోకం ముందు నిలబెట్టారు. 1952లో వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు పంపారు.

వనపర్తి అనగానే సప్తసముద్రాలు గుర్తుకొస్తాయి. సంస్థానాధీశుల నాటి ఏడు చెరువులకు జనం పెట్టుకున్న పేరది. శ్రీరంగాపురంలో రంగసముద్రం ఒడ్డునే రంగనాయకస్వామి గుడి. మన దగ్గర పచ్చదనం దానంతటది రాలేదు, మనుషులు కట్ట పోసి తెచ్చుకున్నారు. చెరువును సముద్రమని పిలిచిన ఆ తరం ప్రేమ నాకు ఏ ప్రబంధ వర్ణనకూ తక్కువ అనిపించదు.

నాగర్‌కర్నూల్ వైపు కథ ఇంకా లోతైనది. జినుకుంటలో పుట్టిన కపిలవాయి లింగమూర్తి ఊరూరా తిరిగి గుళ్ల చరిత్రలూ స్థలగాథలూ పోగుచేశారు. పద్యమూ పరిశోధనా ఆయన చేతిలో ఒకటయ్యాయి. గౌరారం బిడ్డ గోరటి వెంకన్న ఎండిన వాగును పాడారు. ఇసుకలో చేత్తో తోడిన చెలిమె, అడుగున ఊరే నీరు, ముంతతో ఆగి ఆగి ముంచుకునే ఆడవాళ్లు: వాగు బతికున్నప్పటి ఈ దృశ్యం తెలిసినవాళ్లకు ఆ పాట వింటే గొంతు పూడుకుపోతుంది. ఆయన కవితా సంపుటి ‘వల్లంకి తాళం’ 2021కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. అందులోని పిట్టా చెట్టూ పాలమూరువే.

2019లో ఇదే వైపున్న నల్లమల అడవిలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు చెంచులతో, రైతులతో పాటు కవులూ గాయకులూ గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఊరిని మెచ్చుకునే కవి ఊరికి ఆపదొస్తే ఊరుకోడు. అందుకే ఈ కవిత్వాన్ని కేవలం ప్రకృతి వర్ణన అనడం అన్యాయం.

అచ్చుకాని పాటలు ఊళ్లలో ఇంకా ఉన్నాయి. సురవరం పద్ధతిలో ఈ మూడు జిల్లాలకూ ఒక కొత్త సంచిక రావాలి. గ్రంథాలయాలు, కళాశాలల తెలుగు శాఖలు ఆ పనికి పూనుకోవాలి. మీ ఊరి చెరువు మీద, అడవి మీద పాట కట్టినవాళ్లు ఉంటే ఇప్పుడే రాయించి పెట్టండి. కింద వాళ్ల పేరు, ఊరు, సంవత్సరం వేయడం మరవకండి.