మాట మీద సుంకం
ఇంటర్నెట్ టెలిఫోను: వ్యాపారం, చట్టం

1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని తెలుగు ఇళ్ళలో శనివారం రాత్రికి ఒక విశిష్టత ఉండేది. స్వదేశంలో అప్పుడు ఆదివారం ఉదయం. అడగవలసినవీ, చెప్పవలసినవీ ముందుగానే ఒక కాగితం మీద వ్రాసుకొని, గోడ గడియారం మీద ఒక కన్ను ఉంచి, ఇంటిల్లిపాదీ ఫోను చుట్టూ చేరేవారు. నిమిషానికి డాలరుకు పైగా ఖర్చు. ఊళ్ళో ఫోనున్న ఇల్లు ఒకటో రెండో గనుక, తల్లిదండ్రులు ముందే అనుకున్న వేళకు ఆ ఇంటి వరండాలో వచ్చి కూర్చునేవారు. కుశలప్రశ్నలు పూర్తికాకముందే, "ఇక పెట్టెయ్యి నాయనా, బిల్లు ఎక్కువైపోతుంది" అంటూ తల్లే సంభాషణ ముగించేది. ఈనాడు అదే తల్లి మనుమరాలితో గంటసేపు ముఖాముఖి మాట్లాడి, పైసా చెల్లించకుండా ఫోను ప్రక్కన పెడుతున్నది.

దీనిని సాంకేతిక విజయంగా వర్ణించడం పరిపాటి. అది నిజమే గాని, సగం నిజం. ఆనాటి డాలరు తీగలకూ, యంత్రాలకూ మాత్రమే పోలేదు. పల్లెటూరి టెలిఫోను మీద వచ్చే నష్టం, ప్రభుత్వ ఖజానా రాబడి, ఆపదలో పలికే అత్యవసర సేవ, ఇవన్నీ టెలిఫోను బిల్లుల మీదనే ఆధారపడి ఉండేవి. డాలరు మాయమైంది, అది మోసిన బాధ్యతలు మాయం కాలేదు. వాటిని ఇప్పుడెవరు మోయాలన్నదే గడచిన 30 ఏళ్ళుగా ఇంటర్నెట్ టెలిఫోను చుట్టూ సాగుతున్న వ్యాజ్యం.

పాత పద్ధతిలో విదేశీ కాల్ రెండు దేశాల ఉమ్మడి వ్యాపారం. అమెరికా కంపెనీ కాల్‌ను పంపేది. ఆవలి ఒడ్డున దానిని అందుకొనేది ఆ దేశపు సంస్థ. భారతదేశంలో ఆ గుత్తాధికారం 2002 మార్చి వరకు విదేశ్ సంచార్ నిగమ్‌ది. అందుకొన్నందుకు నిమిషానికి ఇంతని చెల్లింపు ఉండేది. అమెరికా నుండి వెళ్ళే కాల్స్ ఎక్కువ, వచ్చేవి తక్కువ గనుక, 1990ల మధ్యలో అమెరికా కంపెనీలు ఏటా నికరంగా 500 కోట్ల డాలర్ల మేరకు విదేశాలకు చెల్లించుకొనేవి. వర్ధమాన దేశాలకు అది విలువైన విదేశీ మారకద్రవ్యం. 1997లో అమెరికా నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్.సి.సి., ఈ చెల్లింపుకు గరిష్ఠ పరిమితులు నిర్ణయించింది: నిమిషానికి సంపన్న దేశాలకు 15 సెంట్లు, మధ్యాదాయ దేశాలకు 19, అల్పాదాయ దేశాలకు 23. అప్పటికే ఈ లెక్కలన్నిటినీ తప్పించుకొనే మరో దారి తెరుచుకొని ఉంది.

ఆ దారి స్వభావం కొంత తెలుసుకొంటే గాని చట్టం పడిన తికమక అర్థం కాదు. పాత టెలిఫోనులో ఇద్దరు మాట్లాడుతున్నంతసేపూ వారి మధ్య ఒక మార్గం ప్రత్యేకంగా కేటాయింపబడి ఉండేది. వారు మౌనం వహించినా ఆ మార్గం ఇతరులకు దక్కదు. ఇంటర్నెట్ టెలిఫోను అలా కాదు. గొంతు తరంగాన్ని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లలో వ్రాస్తారు. అంటే సెకనుకు 64,000 బిట్లు. ఈ అంకెల ధారను సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పొట్లాలు కడతారు. ఒక్కొక్క పొట్లంలో మాట 160 బైట్లు, చిరునామా మొదలైనవి 40 బైట్లు. ఈ పొట్లాలు ఉత్తరాలతో, ఛాయాచిత్రాలతో, సినిమాలతో కలిసి ఒకే దారిలో ప్రయాణించి, ఆవలి వైపు మళ్ళీ వరుసలో కూర్చుకొంటాయి. ప్రయాణం 150 మిల్లీసెకన్లు దాటకుంటే చెవి ఆ ఆలస్యాన్ని అంతగా పట్టించుకోదు. దూరం, దేశం, నిమిషం: పాత బిల్లు ఈ మూడు కొలతల మీద నిలిచింది. పొట్లానికి ఈ మూడూ పట్టవు.

1995 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ అనే సంస్థ 'ఇంటర్నెట్ ఫోన్' అనే ప్రోగ్రాం విడుదల చేసింది. మైకు, సౌండు కార్డు, మోడెం ఉన్న కంప్యూటర్ల మధ్య మాట్లాడుకోవచ్చు. గొంతు నూతిలో నుండి వచ్చినట్లుండేది. మధ్యలో అక్షరాలు రాలిపోయేవి. అయినా ఏడాది తిరిగేసరికి, 1996 మార్చిలో, అమెరికాలోని చిన్న దూరవాణి కంపెనీల సంఘమొకటి ఈ ప్రోగ్రాంల అమ్మకాన్ని ఆపించవలసిందిగా ఎఫ్.సి.సి.కి అర్జీ పెట్టుకొంది. తమకు లైసెన్సులూ, రుసుములూ ఉండగా ఈ కొత్తవారు ఏ భారమూ లేకుండా అదే సేవ అమ్ముతున్నారన్నది వారి ఫిర్యాదు. పోటీదారును మూయించమనడం సబబు కాకపోవచ్చు. ఫిర్యాదులోని ప్రశ్న మాత్రం సబబైనదే. ఎఫ్.సి.సి. ఆ అమ్మకాలను ఆపలేదు, ప్రశ్నకు సూటిగా సమాధానమూ చెప్పలేదు.

చెప్పలేకపోవడానికి కారణం ఉంది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం సేవలను రెండు పెట్టెలలో సర్దింది. పంపినదానిని మార్పు లేకుండా చేరవేసేది టెలికమ్యూనికేషన్స్ సేవ, దానికి నియమాలెన్నో. నిలువచేసి, మార్చి, అందించేది సమాచార సేవ; దానికి దాదాపు స్వేచ్ఛ. మరి పొట్లాలలో పోయే మాట ఏ పెట్టెలోనిది? పెన్సిలులోని గ్రాఫైటూ, ఉంగరంలోని వజ్రమూ ఒకే కర్బనం. మండిస్తే రెండూ బొగ్గుపులుసు వాయువుగానే మారిపోతాయి. కాని బజారులో రెండింటికీ ఒకే తూకం పనికిరాదు. రసాయన శాస్త్రానికి సులువైన ఈ సంగతి న్యాయశాస్త్రానికి చిక్కుముడి అయింది.

1998 ఏప్రిల్‌లో కాంగ్రెస్‌కు సమర్పించిన నివేదికలో ఎఫ్.సి.సి. ఒక గీత గీయబోయింది: మామూలు ఫోను నుండి మామూలు ఫోనుకు వెళ్ళేది టెలికమ్యూనికేషన్స్ సేవ లక్షణాలు గలది, కంప్యూటరు నుండి కంప్యూటరుకు వెళ్ళేది కాదు. 2004లో ఈ గీతకు రెండు వైపులా రెండు తీర్పులు వచ్చాయి. ఫిబ్రవరిలో, జెఫ్ పుల్వర్ నడిపిన ఉచిత కంప్యూటరు సేవ సమాచార సేవేనన్నారు. ఏప్రిల్‌లో, మధ్యలో కొంత దూరం ఇంటర్నెట్ పద్ధతిలో నడిపినంత మాత్రాన ఏ.టి.అండ్.టి. తన కాల్స్‌పై స్థానిక కంపెనీలకు కట్టవలసిన రుసుము ఎగవేయరాదన్నారు. ఈ రెంటి నడుమ నిలిచింది వోనేజ్. ఇంట్లోని బ్రాడ్‌బాండుకు ఒక చిన్న పెట్టె తగిలించి, మామూలు ఫోనుకు మామూలు నంబరిచ్చే సేవ అది. 2003లో మిన్నెసోటా రాష్ట్రం దానిని టెలిఫోను కంపెనీగా నమోదు కమ్మంది. ఫెడరల్ కోర్టు అడ్డుపడింది. 2004 నవంబరులో ఎఫ్.సి.సి. రాష్ట్రాల పెత్తనం చెల్లదని తేల్చింది. ఏ రాష్ట్రంలో కూర్చొని మాట్లాడుతున్నారో తెలియని ఫోనుకు ఏ రాష్ట్రపు చట్టం వర్తిస్తుంది?

ఎక్కడ కూర్చొని మాట్లాడుతున్నారో తెలియకపోవడం వ్యాపారికి వరం. ఆపదలో ఉన్నవారికి అది ప్రాణాంతకం. 2005 ఫిబ్రవరిలో హ్యూస్టన్ నగరంలో దుండగులు ఒక ఇంట జొరబడి భార్యాభర్తలను కాల్చారు. వారి కుమార్తె ఇంట్లోని ఇంటర్నెట్ ఫోను మీద 911 నొక్కింది. ఈ ఫోను నుండి 911 అందదన్న రికార్డు మాట వినిపించింది. ఆమె పొరుగింటికి పరుగెత్తవలసి వచ్చింది. ఆ మరుసటి నెలలోనే టెక్సాస్ అటార్నీ జనరల్ కోర్టుకెక్కారు. మే నెలలో ఎఫ్.సి.సి., మామూలు టెలిఫోను నంబర్లతో కాల్స్ చేయనిచ్చి, అందుకోనిచ్చే ఇంటర్నెట్ సేవలన్నీ 120 రోజులలోగా 911ను కల్పించాలని ఆదేశించింది. పెట్టెల వివాదం తేలకుండానే బాధ్యతను మాత్రం తేల్చారు. ఇన్నేళ్ళ తర్జనభర్జనలలో ఎఫ్.సి.సి. చేసిన మంచిపని ఏదని అడిగితే దీనినే చెప్పాలి.

ఈ ఏర్పాటు ఎక్కువగా చందాదారు నమోదు చేసిన చిరునామా మీద ఆధారపడుతుందన్న సంగతి మన కుటుంబాలు గమనించవలసినది. న్యూజెర్సీలో కొన్న పెట్టెను డాలస్‌లోని కొత్త ఇంటికి తీసుకుపోయి చిరునామా మార్చకుంటే, అంబులెన్సు న్యూజెర్సీకి బయలుదేరవచ్చు. పాత రాగితీగ ఫోనుకు ఎక్స్‌ఛేంజి నుండే విద్యుత్తు వచ్చేది. ఇంట్లో కరెంటు పోయినా పలికేది. ఇంటర్నెట్ పెట్టెకు ఆ శక్తి లేదు. వాట్సాప్ వంటివి మామూలు నంబర్లతో కలవవు గనుక వాటికి ఈ ఆదేశమే వర్తించదు. వేసవిలో వచ్చి కొడుకు ఇంట ఒంటరిగా ఉండే తల్లిదండ్రులకు ఈ తేడా ముందే చెప్పి ఉంచడం అవసరం. స్వదేశం సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ప్రారంభమైన 108 ఎందరి ప్రాణాలో కాపాడింది; కాని తెనాలిలో తండ్రి గుండెనొప్పితో పడిపోతే, చికాగో నుండి కొడుకు నొక్కే 108 అక్కడికి చేరదు. పొరుగువారి, దగ్గరి ఆసుపత్రి పూర్తి నంబర్లు దగ్గర ఉంచుకోవలసిందే.

ఇక పల్లెటూరి ఫోను సంగతి. ఒక కుగ్రామానికి తీగ లాగితే వచ్చే రాబడి దాని ఖర్చుకు చాలదు. భారతదేశంలో ఆ లోటు పూడ్చడానికి 2003లో ఒక ప్రత్యేక రుసుము పెట్టారు. విదేశాల నుండి వచ్చే కాల్ మీద అది 2004లో నిమిషానికి 4 రూపాయల 25 పైసలు, మరుసటి సంవత్సరం 3 రూపాయల 25 పైసలు. అంటే హ్యూస్టన్ నుండి నల్గొండ జిల్లాకు చేసిన ప్రతి కాల్‌లోనూ కొంత భాగం పల్లె ఫోన్లకు పోయేదన్నమాట. స్థానిక కాల్‌కు ఇంత రుసుము లేదు గనుక, విదేశీ కాల్‌ను ఇంటర్నెట్‌లో దేశంలోకి తెచ్చి స్థానిక కాల్‌గా వేషం మార్చే విద్య పుట్టింది. అమెరికా నుండి కొడుకు మాట్లాడుతుంటే తల్లి ఫోను మీద ఏదో తెలియని భారతీయ మొబైలు నంబరు కనబడడం చాలామందికి అనుభవమే. ఒక గదిలో పదుల కొద్దీ సిమ్ కార్డులు గుచ్చిన పెట్టెలతో నడిచే ఇట్టి దొంగ ఎక్స్‌ఛేంజీలు హైదరాబాదుతో సహా పలు నగరాలలో పట్టుబడ్డాయి. చిన్నవారే కాదు, విదేశీ కాల్స్‌ను స్థానికమైనవిగా చూపారని 2004లో ఒక పెద్ద ప్రైవేటు సంస్థకు టెలికాం శాఖ 150 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2008లో ఆ రుసుము ముగిసింది. అమెరికాలో ఇటువంటి నిధికే ఇంటర్నెట్ ఫోను సంస్థలు కూడా చెల్లించాలని 2006లో నిర్ణయించారు. ఆ నిధి రాజ్యాంగబద్ధమేనని అమెరికా సుప్రీంకోర్టు 2025 జూన్‌లో 6–3 ఆధిక్యంతో తీర్పు చెప్పింది.

భారతదేశపు నియమాలలో వింతలు లేకపోలేదు. మొదట పూర్తి నిషేధం. 2002 ఏప్రిల్ 1 నుండి సగం అనుమతి: హైదరాబాదులోని కంప్యూటరు నుండి చికాగోలోని ఫోనుకు మాట్లాడవచ్చు, సికింద్రాబాదులోని ఫోనుకు మాట్లాడరాదు! నియంత్రణ సంస్థ ట్రాయ్ 2008లోనే ఆంక్షలు తొలగించమని సిఫార్సు చేసినా, ఆ అనుమతి స్పష్టంగా రావడానికి 2018 వరకు ఆగవలసి వచ్చింది.

ఈలోగా వివాదం ప్రభుత్వం నుండి తీగ యజమాని వద్దకు జరిగింది. 2005లో నార్త్ కరోలినాకు చెందిన మాడిసన్ రివర్ అనే టెలిఫోను కంపెనీ తన తీగలలో వోనేజ్ కాల్స్‌ను అడ్డగించిందన్న ఫిర్యాదుపై ఎఫ్.సి.సి. విచారణ జరిపింది, కంపెనీ 15,000 డాలర్లు చెల్లించి, ఇక అడ్డగించబోనని ఒప్పుకొంది. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు వేరే ధర ప్రకటించి, ప్రజల నిరసనతో విరమించుకొంది. మరుసటి ఏడాది ట్రాయ్ అభిప్రాయాలు కోరగా పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. 2016 ఫిబ్రవరిలో, చూచే విషయాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు వసూలు చేయరాదని నిషేధం వచ్చింది.

గల్ఫ్‌లో కథ వేరు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ కాల్ సేవను లైసెన్సు గల కంపెనీల ద్వారానే అందించాలన్నది నియమం. 2018 జనవరిలో అక్కడి కంపెనీ ఎతిసలాత్, అనుమతి పొందిన యాప్‌లలో మాట్లాడుకోవడానికి మొబైలుపై నెలకు 50 దిర్హములు ధర పెట్టింది. జగిత్యాల, నిజామాబాదు ప్రాంతాల నుండి వెళ్ళిన శ్రామికునికి భార్యాబిడ్డల ముఖం చూచే ఖర్చు అది. తీగలకు పెట్టిన పెట్టుబడి రాబట్టుకోవాలన్న వాదంలో నిజముంది. కాని ఆ రాబడికి పేదవాని గొంతునే ఎంచుకోవడం హర్షించదగినది కాదు. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో తన నిషేధాన్ని సడలించింది.

మాట అమ్మి ధనవంతులైనవారు తక్కువేనన్నది మరొక విచిత్రం. వోనేజ్ 2006 మేలో 17 డాలర్లకు వాటా అమ్మింది. కొద్ది నెలలలోనే ధర సగానికి దిగజారింది. మరుసటి ఏడాది వెరైజాన్ పేటెంట్ల దావాలో జ్యూరీ 5 కోట్ల 80 లక్షల డాలర్ల పరిహారం విధించింది. 2003లో పుట్టిన స్కైప్‌ను ఈబే 260 కోట్ల డాలర్లకు, తరువాత 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్లకు కొన్నాయి. 2025 మే 5న అది మూతపడింది. 2015లో వాట్సాప్ మాటను ఉచితం చేసింది. దాని యజమాని సంస్థకు ప్రధాన రాబడి వ్యాపార ప్రకటనల నుండి వస్తుంది. మాట వారికి సరుకు కాదు, జనాన్ని రప్పించే పందిరి.

ఇప్పుడు టెలిఫోను కంపెనీలే పాత పద్ధతిని వదులుకొంటున్నాయి. 2016 సెప్టెంబరులో ఆరంభమైన జియోలో ప్రతి కాల్ పొట్లాలలోనే పోతుంది. 2021 జనవరి 1 నుండి భారతదేశంలో ఒక మొబైలు కంపెనీ కాల్‌ను మరొకటి అందుకొన్నందుకు చెల్లించే రుసుము సున్నా అయింది. సాంకేతికంగా చూస్తే జియో కాల్‌కూ, వాట్సాప్ కాల్‌కూ మూలంలో భేదం స్వల్పం. ఒకదానికి లైసెన్సు, గ్రామీణ నిధికి వాటా, అత్యవసర సేవ. రెండవదానికి ఇవేవీ లేవు. ఒకే సేవకు ఒకే నియమం కావాలని కంపెనీలు అడుగుతున్నాయి. తమ డేటాకు జనం ఇప్పటికే డబ్బు కడుతున్నారన్న సంగతి మాత్రం అవి అంతగా ప్రస్తావించవు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023 డిసెంబరులో భారత పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం చేసింది. అందులో టెలికమ్యూనికేషన్ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం ఎంత విశాలమైనదంటే, వాట్సాప్ కాల్ కూడా అందులో ఇమిడిపోతుందని కొందరు న్యాయవాదులు వాదించారు. అటువంటి యాప్‌లు దాని పరిధిలోనికి రావని మంత్రి చెప్పారు. చట్టంలో మాత్రం ఆ మినహాయింపు వ్రాయలేదు.