సి.ఎఫ్.డి. బేరము: వేదికను పరీక్షించు విధము

బంగారమును గొనకయే, దాని ధర హెచ్చుననియో తగ్గుననియో యొడంబడి, తుదకు ధరల వ్యత్యాసమును మాత్రమే యిచ్చిపుచ్చుకొనుటకు సి.ఎఫ్.డి. బేరమని పేరు. విదేశీ నాణెములపైనను నిది సాగును. సెల్‌ఫోనునందే యిట్టి బేరములాడించు వేదికలు పెక్కులు గలవు.

బ్రిటనునందలి మన యాడుపడుచులు వానిలో నేది మేలని విచారింపదలచినచో, మొదట నది ఎఫ్.సి.ఎ. యను నియంత్రణ సంస్థవారి పట్టికలో నున్నదో లేదో చూడవలయును. 2019లో నా సంస్థ విధించిన నియమముల ప్రకారము, ముఖ్యమైన విదేశీ నాణెముల బేరము పెట్టిన సొమ్మునకు 30 రెట్లు మించరాదు. ఖాతాలోని ధనమునకు మించిన నష్టమును వసూలు చేయరాదు. నూటికెన్ని ఖాతాలు నష్టపడుచున్నవో వేదికవారే ప్రకటింపవలయును.

30 రెట్లన నేమి? 100 పౌనులతో 3,000 పౌనుల బేరము. ధర నూటికొకటి యెదురు తిరిగినను 30 పౌనులు పోవును. కొనుధరకును అమ్ముధరకును నడుమనున్న తేడాయు, రాత్రి నిలిపిన బేరముపై రుసుమును వేరు. ఐరోపా నియంత్రణాధికారులు 2018లో విచారింపగా, నూటికి 74 మొదలు 89 వరకు ఖాతాలు నష్టపడుచున్నట్లు తేలెను.

మన దేశమున మాట వేరు. అనుమతిలేని విదేశీ మారకపు వేదికల పేర్లను రిజర్వు బ్యాంకువారు 2022 మొదలు హెచ్చరిక జాబితాగా ప్రకటించుచున్నారు. అందు పేరు లేనంతమాత్రమున ననుమతి గలదని తలపరాదు. అట్టి వేదికలలో మారకపు బేరమాడినవారిపై ఫెమా చట్టము క్రింద చర్య గైకొనవచ్చును.

వేదిక యెంత చక్కనిదైనను, పిల్లల చదువునకై దాచిన సొమ్ము దానియందుంచదగినది కాదు.