వయసు - గుండె వేగం

సైకిలుపై పాలక్యాన్లు కట్టుకొని మిట్ట ఎక్కేటప్పుడు, గడ్డిమోపు మోసేటప్పుడు గుండె వేగం పెరుగుతుంది. ఆ వేగానికి ఒక హద్దు ఉన్నది. వయసుతోపాటు అది తగ్గుతుంది. స్థూలంగా 220 నుండి వయసు తీసివేస్తే నిమిషానికి గరిష్ఠ స్పందనలు వస్తాయి: 40 ఏళ్ళవారికి 180, 60 ఏళ్ళవారికి 160.

అయితే ఇది సగటు మాత్రమే. సంఘం సగటు వెన్నశాతం ప్రతి గేదెకూ వర్తించనట్లే, మనిషికీ మనిషికీ పది పన్నెండు స్పందనల తేడా ఉండవచ్చు. శ్రమించే అలవాటు ఈ హద్దును పెంచదు. అదే పనిని తక్కువ వేగంతో చేయిస్తుంది. రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్ మాత్రలు హద్దునే తగ్గిస్తాయి. వాటిని వాడే సభ్యులు నాడి నెమ్మదిగా ఉన్నదని శ్రమ పెంచరాదు. మాత్రలను సొంతంగా మానరాదు.

ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం కలిగితే లెక్కలు చూడక వెంటనే పని ఆపి వైద్యుని సంప్రదించాలి.